నిమేషలోభి

అమెరికాలోని కొలరాడో కొండలలో, కుర్చీలిఫ్టు తన ప్రయాణికులను దింపివేయు శిఖరస్థలమున, శీతకాలమం దే శనివారమునాడు చూచినను ఒక మహాపురుషుడు దర్శనమిచ్చును. లిఫ్టు నెక్కునప్పుడు వెనుకకాలిని విడిపించుకొనుట స్నోబోర్డువారి ఆచారము గనుక, శిఖరము చేరిన ప్రతి పర్యాయమును ఆ కాలిని మరల పలకకు బిగించుకొనక తప్పదు. తక్కినవారందఱు మంచుమీద చతికిలబడి, చీలమండపై నొక పట్టీని, వ్రేళ్లపై నొక పట్టీని తగిలించి టకటక బిగించుచుండగా, ఈయన మాత్రము నిలుచున్నవాడు నిలుచున్నట్లే కాలుమోపి, మడమ నొక్కి, సర్వసన్నద్ధుడై, విజయగర్వముతో దిక్కులు పరికించును. ఈయనకు నిమేషలోభి యని నేను పేరిడితిని.

ఈయన ధరించునది 2017లో బర్టన్ సంస్థ విపణికి దెచ్చిన స్టెప్ ఆన్ బైండింగు, అనగా బూటును పలకకు బంధించు సాధనము. బూటు ముందుభాగమున ఇరుప్రక్కల రెండు, మడమవద్ద నొకటి, వెరసి మూడుచోట్ల అది పాదమును పట్టుకొనును, పట్టీలతో పనిలేదు. తనకై నిర్మించిన బూట్లను దప్ప అన్యమును అంగీకరింపదు గనుక రెంటిని కొనవలసివచ్చినను, ఈయన దానిని వ్యయమనక దీక్ష యనును. 1990ల దశకముననే ఇట్టి అడుగిడు బైండింగులు వెలసి, కొక్కెములలో మంచు గడ్డకట్టుటచేతను, బూట్లు బిరుసగుటచేతను మూలబడిన చరిత్ర నెవరైన జ్ఞప్తికి దెచ్చినచో, అది పూర్వజన్మవృత్తాంతమని చిరునవ్వు నవ్వును. తన మడమక్రింది మంచును అటు తిరిగి గోకికొను క్షణములు మాత్రము ఆయన లెక్కలోనికి రావు.

ఇన్ని విధముల ఆర్జించిన అరనిమిషమును ఆయన ఏమి చేయును? కొండకు ఒంటరిగా వచ్చినవాడు కాడు. వెంట నలుగురు మిత్రులు గలరు. ఆ నలుగురును పట్టీలవారే. కావున పంక్తిలో అందఱికంటె ముందుగా భోజనము ముగించినవాడు, తక్కినవారు లేచువఱకు ఎండిన చేతితో విస్తరిముందు కూర్చుండినట్లు, ఈయనయు వారికై కాచియుండవలసినదే. తన త్వరితము తనకు ఫలింపవలెనన్న లోకమంతయు త్వరితము కావలెను. అందుచేతనే ఈయన కంత ప్రచారోత్సాహము. నిలిచియుండు ప్రతి క్షణమును ఉపన్యాసమునకే వెచ్చించును, విను మిత్రుని చేయి బిగింపుమీద ఆగిపోవును, ఆలస్యము ఇనుమడించును.

"మంచుమీద కూర్చుండుట కింత దూరము రావలెనా?" అని ఈయన యెత్తిపొడువగా, వారిలో పెద్దవాడు తల యెత్తకయే, "ఏ బూటు తొడిగినను నా పట్టీ కాదనదు. బిగువు నా యిష్టము. తెగినచో మరమేకు త్రిప్పి క్రొత్తది వేసికొందును. పైగా, కూర్చుండి చూచినచో కొండ మఱింత బాగుగా కనబడునోయి!" అని బదులు చెప్పును. ఈ మాటకు ఈయన కోపింపడు, జాలిపడును. అజ్ఞానికి ఎన్నటికైన తరణోపాయము కలదని ఆయన విశ్వాసము.

ఆయన సహింపలేనివాడు వేఱొకడు గలడు. చిరకాలబోధకు కరగి యొక మిత్రుడు తుదకు పాతదానిని త్యజించి, నైడెకర్ సంస్థవారి సూపర్‌మాటిక్ తొడిగి ప్రత్యక్షమగును. అందు అడుగుపెట్టి మడమతో నొక్కినంతనే పిక్కవెనుకనుండు హైబ్యాక్ దానంతట నదియే లేచి మూసికొనును. పట్టీలు ఉన్నచోటనే యుండును. ఏ బూటైనను ఇముడును. శిష్యుడు దొరకెనని చాచిన చేతులు అంతటితో కట్టుపడును. "పట్టీలుంచుకొని ముక్తి యెట్లు?" అని ఈయన, "ఒక్క తీరు బూటుకు బానిసయై ముక్తి యెట్లు?" అని వాడు. క్షణమాత్రమున సిద్ధమైన ఆ వీరు లిరువురును శిఖరముననే నిలిచి శాస్త్రచర్చకు దిగియుండగా, పట్టీలవారు సావకాశముగా లేచి, వెనుక నంటిన మంచు దులుపుకొని, సగము కొండ దిగిపోవుదురు.