గట్టు మీది చెట్టు: వినకూడని ఐదు సలహాలు

మలక్‌పేట మార్కెట్‌కు ఉల్లి తెచ్చిన రైతులు వేలం మొదలయ్యేదాకా పొలం సంగతులే మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో చెట్ల గురించి నలిగే సలహాలు కొన్ని నేలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. అందుకే ఒక్కొక్కటీ తీసి చెబుతున్నాను.

1. “గట్టు మీది చెట్టు పంటను మింగేస్తుంది, కొట్టించెయ్.”
నీడ, వేళ్ల పోటీ నిజమే. కానీ ఆ నష్టం చెట్టు పక్క సాళ్లకే. దుక్కికి ముందు కొమ్మలు నరికితే పోటీ తగ్గుతుంది, ఆకు చేనుకొస్తుంది. పంట వేళ్లకు అందని లోతుకు దిగిన పోషకాలను చెట్టు పైకి లాగి ఆకులో దాస్తుంది.

2. “ఏ చెట్టయినా ఒకటే, జామాయిల్ పెట్టు.”
జామాయిల్ కర్రకు పనికొస్తుంది. గాలిలోని నత్రజనిని మాత్రం పట్టలేదు, పైగా మెట్టలో పంటతో నీటికి పోటీపడుతుంది. గిరిపుష్పం, అవిశ, సుబాబుల్, కానుగల వేళ్ల బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా ఆ నత్రజనిని పట్టి ఇస్తుంది. మడిలో కానుగాకు తొక్కించిన మన పెద్దలకు దీని ఫలితం అనుభవంలో తెలుసు.

3. “నాటితే చాలు, సారం దానంతటదే పంటకు అందుతుంది.”
వేళ్ల నుంచి నేరుగా అందేది తక్కువ. ఎక్కువ భాగం ఆకు కుళ్లాకే నేలకు చేరుతుంది. హెక్టారు పొలంలో 700 మీటర్ల గట్టున గిరిపుష్పం పెంచి, కొమ్మలు కోసి వేస్తే ఏటా సుమారు 30 కిలోల నత్రజని వస్తుందని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల లెక్క. అంటే దాదాపు బస్తాన్నర యూరియా. కోయకుండా వదిలేస్తే చేనుకు ఇంత దక్కదు.

4. “రాలినాకు చెత్త, ఊడ్చి కాల్చెయ్.”
బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి, నత్రజని పొగతో పోతుంది. మన ఎర్ర చెలకల్లో సేంద్రియ కర్బనం అసలే తక్కువ. ఆకు కప్పితే వాన దెబ్బకు పైమట్టి గట్టిపడదు, తేమ నిలుస్తుంది. మలక్‌పేట వీధుల్లో చెట్ల ఆకు తగలబెట్టేవారూ దాన్ని గోతిలో వేసి ఎరువు చేసుకోవాలి.

5. “చెట్లు నాటావుగా, ఈ ఏడాదే ఎరువులు మానెయ్.”
చేనుకు సరిపడా ఆకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. భాస్వరాన్ని ఏ చెట్టూ గాలిలోంచి తేలేదు, నేలలో ఉన్నదాన్నే తిప్పి ఇస్తుంది. భూసార పరీక్ష చేయించి, ఆకు పెరిగేకొద్దీ యూరియా తగ్గించండి.

మెట్ట సాగు కోసమే 1985లో ఏర్పడిన కేంద్ర పరిశోధన సంస్థ ‘క్రీడా’ మలక్‌పేటకు దగ్గర్లోనే, సంతోష్‌నగర్‌లో ఉంది. ఉల్లి అమ్ముకుని ఊరికి మళ్లే ముందు అక్కడికి వెళ్లి మీ నేలకు ఏ చెట్టు సరిపోతుందో అడగండి. తొలకరికి గట్టున నాటండి. కొమ్మలు ఏ నెలలో కోయాలో కూడా అప్పుడే రాసిపెట్టుకోండి.