కోలబంతి మర్యాద, గుండ్రబంతి గోల

ఇంగ్లండులో మనిషి పెద్దమనిషా, పోకిరీనా అన్నది బంతి ఆకారాన్ని బట్టి తేలుస్తారు. ఇది నా మాట కాదు, వాళ్ళ పార్లమెంటు మాట. 1985లో చేసిన చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. పెద్ద క్లబ్బుల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే, మైదానం కనిపించే చోట ప్రేక్షకుడి చేతిలో మందు ఉండకూడదు. బీరు తాగాలంటే మెట్ల వెనక్కి వెళ్ళి, క్యూలో నిలబడి, గోడకేసి చూస్తూ, రెండో సగం మొదలయ్యేలోపు గుటుక్కున మింగి రావాలి. రగ్బీకి ఆ చట్టం వర్తించదు. అక్కడ చేతికో గ్లాసు పట్టుకుని, పక్కవాడి ప్యాంటు మీద నాలుగు చుక్కలు చిలకరిస్తూ, దర్జాగా సీటు దాకా రావచ్చు. ఆ పక్కవాడు అవతలి జట్టు మనిషైనా సరే, "ఫర్వాలేదండీ" అంటాడు.

లండన్‌లో టాటెన్‌హామ్ వాళ్ళ స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ వాళ్ళదే అయినా శారసెన్స్ అనే రగ్బీ క్లబ్బు కూడా అప్పుడప్పుడు అక్కడ ఆడుతుంటుంది. అదే స్టేడియం, అదే సీటు, అదే మనిషి, అదే బీరు. కోలబంతి ఉన్న రోజు గౌరవనీయుడు, గుండ్రబంతి ఉన్న రోజు అనుమానితుడు. అప్పట్లో ఫుట్‌బాల్ స్టాండ్లలో ప్రాణాలు పోయేంత ఘోరాలు జరిగాయి కాబట్టి చట్టానికి కారణం లేకపోలేదు. కానీ నలభై ఏళ్ళు దాటినా శిక్ష తీరలేదు. ఇంతకాలం ఒక పూట నిన్ను నమ్మి, ఒక పూట నమ్మకపోతే మనిషి రెండు ముక్కలు కాకుండా ఎలా ఉంటాడు?

ఆ రెండు ముక్కలూ చూడాలంటే మా బావమరిదిని చూడాలి. పుట్టింది గుంటూరు, ఉద్యోగం రెడింగ్‌లో. ఇంటర్ చదివే రోజుల్లో కేబుల్ టీవీ పుణ్యమా అని మాంచెస్టర్ యునైటెడ్‌ను తగిలించుకున్నాడు. ఇంగ్లండు వెళ్ళాక, ఆఫీసులో సోమవారం పొద్దున మాట కలపడానికి ఏదో ఒకటి ఉండాలి గదా అని ఇంగ్లండు రగ్బీ జట్టును కూడా తగిలించుకున్నాడు. ఫోన్ ఎత్తగానే ఏ మ్యాచ్ చూసి చేస్తున్నాడో నాకు తెలిసిపోతుంది. రగ్బీ చూసి ఉంటే "బావగారూ, మీరు చూశారా ఆ సంస్కారం!" అంటాడు. ఫుట్‌బాల్ చూసి ఉంటే "ఏంటి బావా ఈ దరిద్రం!" అంటాడు.

రగ్బీ రోజు వాడి ప్రవచనం ఇలా సాగుతుంది. నూట ముప్పై కిలోల మనిషి, ముక్కు పగిలి నెత్తురు కారుతున్నా రెఫరీని "సర్" అనే పిలుస్తాడు. కెప్టెన్ తప్ప రెండోవాడు నోరెత్తడు. రెఫరీ మైకులో అన్న ప్రతి మాటా ఇంట్లో కూర్చున్న మనకు వినబడుతుంది, దాపరికం లేదు. అదే ఫుట్‌బాల్‌లో భుజానికి చెయ్యి తగిలితే చాలు, మొహం పట్టుకుని పెనాల్టీ బాక్సులో పొర్లుదండాలు పెడతాడు. లేచి చూస్తే రెఫరీ చుట్టూ పదకొండుమంది. "మర్యాద అంటే రగ్బీదే బావగారూ, అది పుట్టుకతో వచ్చింది."

పుట్టుక మాట ఎత్తాడు కాబట్టి చెప్పాలి. 1863లో లండన్‌లో ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే పానశాలలో కొన్ని క్లబ్బుల వాళ్ళు కూర్చుని ఫుట్‌బాల్‌కు ఒకే రకం నియమాలు రాసుకుందామనుకున్నారు. గొడవ ఎక్కడ వచ్చిందంటే, బంతి పట్టుకుని పరిగెత్తే దగ్గర ఒకటి, ఎదుటివాడి మోకాలి కింద ఎముక మీద బూటుతో తన్నే దగ్గర ఒకటి. తన్నొద్దన్నారు కొందరు. బ్లాక్‌హీత్ క్లబ్బు ప్రతినిధి క్యాంప్‌బెల్ మాత్రం ఒప్పుకోలేదు. తన్నులు తీసేస్తే ఆటలో ధైర్యం, దమ్ము ఏముంటాయి, వారం రోజులు సాధన చేసిన ఫ్రెంచివాళ్ళు వచ్చి మిమ్మల్ని ఓడించేస్తారు అని వాదించాడు. మాట నెగ్గకపోయేసరికి బ్లాక్‌హీత్ బయటికి నడిచింది. తర్వాత రగ్బీ యూనియన్ పెట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. అంటే తన్నొద్దు అన్నవాడి వంశం ఇవాళ పోకిరీ, తన్నే హక్కు కోసం లేచిపోయినవాడి వంశం పెద్దమనిషి.

1871లో రగ్బీ వాళ్ళు కూడా ఆ తన్నుల్ని నిషేధించేశారు. క్యాంప్‌బెల్ జోస్యం ఫలించడానికి వారం కాదు, చాలాకాలమే పట్టింది గానీ, ఫలించినప్పుడు మాత్రం వడ్డీతో సహా ఫలించింది. 2023 మార్చిలో ట్వికెన్‌హామ్‌లో, ఇంగ్లండు రగ్బీకి పుట్టింటిలాంటి మైదానంలో, ఫ్రాన్సు 53, ఇంగ్లండు 10. ఆ రోజు బావమరిది నుంచి ఫోన్ రాలేదు. బావగారికీ రాలేదు, బావకీ రాలేదు.

ఇక కలకత్తా కప్పు సంగతి. మన రూపాయలు కలిసిన వ్యవహారం కాబట్టి దీన్ని తేలిగ్గా వదలబుద్ధి కాదు. 1870లలో కలకత్తాలో తెల్లదొరలు రగ్బీ క్లబ్బు పెట్టారు. ఆ ఎండలో, ఆ ఉక్కపోతలో ఒకరి మీద ఒకరు పడి దొర్లడం ఎన్నాళ్ళు? పల్టన్లు బదిలీ అయ్యాయి, మిగిలినవాళ్ళు పోలో, టెన్నిస్ మరిగారు. క్లబ్బు బారులో ఉచితంగా పోయడం మానేశాక జనం మరీ పలచబడ్డారని కూడా చెబుతారు. దాన్ని నేను పూర్తిగా నమ్ముతాను. 1878లో క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి, కరిగించి, కప్పు చేయించారు. పిడులుగా మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి దానికోసం ఇంగ్లండూ స్కాట్లండూ తలపడుతున్నాయి. కోహినూర్ ఎప్పుడిస్తారని అడిగేవాళ్ళు మన దగ్గర వీధికొకరున్నారు. ఈ ఏనుగు గురించి అడిగిన నాథుడు లేడు.

1988లో ఎడిన్‌బరోలో ఇంగ్లండు 9-6తో గెలిచింది. ఆ రాత్రి విందు అయ్యాక రెండు జట్ల నుంచి చెరో పెద్దమనిషి, స్కాట్లండు నుంచి జాన్ జెఫ్రీ, ఇంగ్లండు నుంచి డీన్ రిచర్డ్స్, ఆ కప్పును వీధిలోకి తీసుకెళ్ళారు. పొద్దుటికి అది కప్పులా లేదు, లారీ కింద పడ్డ బిందెలా ఉంది. స్కాట్లండు వాళ్ళు తమవాడికి ఆరు నెలల నిషేధం వేశారు, ఇంగ్లండు వాళ్ళు తమవాడికి ఒక్క మ్యాచ్. ఇందులో ఎవరి సంస్కారం ఎంతో నేను తూచలేను.

డీన్ రిచర్డ్స్ పేరు గుర్తు పెట్టుకోండి. 2009లో ఆయన హార్లెక్విన్స్ క్లబ్బుకు పెద్ద కోచ్. యూరప్ కప్పు క్వార్టర్ ఫైనల్, లెన్‌స్టర్ మీద ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. గోల్ కొట్టగల ఆటగాడు అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు. రగ్బీ నియమం ఏమిటంటే, ఎవడికైనా నెత్తురు కారితే వాడి బదులు బయటికెళ్ళినవాడు మళ్ళీ రావచ్చు. ఇంకేం, టామ్ విలియమ్స్ అనే కుర్రాడు జోకుల సామాను అమ్మే కొట్లో కొన్న ఉత్తుత్తి నెత్తురు గొట్టాన్ని కొరికి, మూతంతా ఎర్రగా చేసుకుని బయటికొచ్చాడు. వస్తూ వస్తూ తనవాళ్ళకేసి కన్ను కొట్టాడు. కెమెరా పట్టేసింది. పరీక్షకు వస్తారని భయపడి, లోపల గదిలో పెదవి నిజంగానే కోయించుకున్నాడు. ఇంత చేసీ ఆ మ్యాచ్ 6-5తో ఓడారు. రిచర్డ్స్‌కు మూడేళ్ళ నిషేధం. ఫుట్‌బాల్ ఆటగాడు నొప్పి మాత్రమే నటిస్తాడు. నెత్తురు దాకా వెళ్ళింది రగ్బీయే. కళ పట్ల ఆ నిబద్ధతకైనా దణ్ణం పెట్టాలి.

"అదెప్పుడో ఒక్కసారి బావగారూ" అన్నాడు బావమరిది. సరే, దగ్గరి సంగతే చూద్దాం. 2021లో దక్షిణాఫ్రికా రగ్బీ పెద్ద రాసీ ఎరాస్మస్, బ్రిటిష్-ఐరిష్ లయన్స్ జట్టు మీద తొలి టెస్టు ఓడాక, రెఫరీ తప్పులన్నీ ఏరి గంటకు పైగా నిడివున్న వీడియో చేశాడు. రెండు నెలలు ఆటకు దూరంగా కూర్చోబెట్టారు. మైదానంలో "సర్", ఇంటికెళ్ళాక సినిమా. 2023 ప్రపంచ కప్పు ఫైనల్లో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు ఎర్రకార్డు పడింది, దక్షిణాఫ్రికా 12-11తో గెలిచింది. అంతకుముందు క్వార్టర్స్ 29-28, సెమీస్ 16-15. మూడు మ్యాచ్‌లూ ఒక్కో పాయింటు తేడాతో నెగ్గుకొచ్చారు, బస్సు కదిలాక ఎక్కే జనంలా. ఆ ఫైనల్ రెఫరీ వేన్ బార్న్స్‌కు, టీవీ రెఫరీ టామ్ ఫోలీకి వచ్చిన బెదిరింపులు, బూతులు ఇన్నీ అన్నీ కావు. బార్న్స్ కొద్ది రోజులకే రిటైరయ్యాడు, ఫోలీ అంతర్జాతీయ మ్యాచ్‌లే మానుకున్నాడు. ఆ బూతులు పంపినవాళ్ళందరూ స్టేడియంలో అవతలివాడి పక్కన కూర్చుని పద్ధతిగా బీరు తాగగల పెద్దమనుషులే.

సరే, ఆదివారం వచ్చింది. బావగారు పోయి బావ అయ్యాడు.

ఫుట్‌బాల్ రోజున బావమరిది ఆట గురించి మాట్లాడడు. పద్దుల గురించి మాట్లాడతాడు. వాడికి వాడి సొంత ఇంటి లోను మీద వడ్డీ ఎంతో తెలియదు. యునైటెడ్ అప్పు ఎలా పుట్టిందో మాత్రం కంఠతా వచ్చు. 2005లో గ్లేజర్లు క్లబ్బును కొన్నారు, కొనడానికి తెచ్చిన అప్పులో చాలా భాగం కొన్న క్లబ్బు నెత్తినే పెట్టారు. ఇప్పుడు వాటాదారుడిగా వచ్చిన జిమ్ రాట్‌క్లిఫ్ పొదుపు మొదలుపెట్టి ఉద్యోగుల్ని తీసేశాడు, ఉన్నవాళ్ళకు ఉచిత భోజనం ఆపేశాడు, మాజీ మేనేజర్ ఫెర్గుసన్‌కు రాయబారిగా ఏటా ఇచ్చే సొమ్ము కూడా ఆపేశాడు. 2024 మేలో వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ కప్పు నుంచి ధారగా కారిన నీళ్ళు ప్రపంచమంతా చూసింది. "మన కప్పు కారుతోంది బావా" అన్నాడు దిగులుగా. మన! మామగారి ఇంటి డాబా రెండేళ్ళుగా కారుతోంది, దాని గురించి మాత్రం "మీరు ఒకసారి చూడండి" అంటాడు.

చెల్సీ వాళ్ళ తెలివి చూసి అసూయపడతాడు కూడా. ఆటగాడికి పదికోట్ల పౌండ్లు పోసి, ఎనిమిదిన్నరేళ్ళ ఒప్పందం రాయించుకుంటే, పుస్తకంలో ఆ ఖర్చు ఏడాదికింత చొప్పున పలచగా పరుచుకుంటుంది. అది చూసి ఐదేళ్ళకు మించి పరచకూడదని నియమం పెట్టాల్సి వచ్చింది. మూడేళ్ళలో ఇంతకు మించి నష్టం రాకూడదని అప్పట్లో ఇంకో నియమం ఉండేది కదా, దానికి వాళ్ళు స్టేడియం పక్కనున్న రెండు హోటళ్ళను తమ సోదర కంపెనీకే 7 కోట్ల 65 లక్షల పౌండ్లకు అమ్మేశారు. మన ఇల్లు మన ఆవిడకే అమ్మి, లాభం వచ్చిందని చుట్టాలందరికీ స్వీట్లు పంచినట్టు. లీగు వాళ్ళు ధర సబబే అన్నారు. స్వీట్లు తిన్నాక ఎవరు మాత్రం కాదంటారు?

2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగు ఫైనల్. ఒకవైపు ఇంగ్లండు లీగులో 15వ స్థానంలో తేలిన యునైటెడ్, ఇంకోవైపు 17వ స్థానంలో తేలిన టాటెన్‌హామ్. ఇరవై జట్లలో అడుగున దేవులాడుకునే ఇద్దరు యూరప్ కిరీటం కోసం కొట్టుకున్నారు. పైగా గెలిచినవాడికి ఛాంపియన్స్ లీగులో సీటు. టాటెన్‌హామ్ 1-0తో గెలిచింది, పదిహేడేళ్ళ తర్వాత ఒక కప్పు. తెచ్చిన మేనేజర్ పోస్టెకోగ్లూను రెండు వారాలు దాటగానే ఇంటికి పంపించేశారు. ఓడిన యునైటెడ్ మాత్రం తమ మేనేజర్‌ను అప్పటికి ఉంచుకుంది. కప్పు తెస్తే ఉద్యోగం పోతుంది, తేకపోతే ఉంటుంది. ఈ నీతి మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

వీఏఆర్ అనే వీడియో రెఫరీ గురించి ఒక్క మాట. 2023 సెప్టెంబరులో టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ కొట్టిన గోల్ సరైనదే. మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. టీవీ గదిలో కూర్చున్నాయన మైదానంలో గోల్ ఇచ్చారనుకుని, "అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు. గోల్ పోయింది. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో మూడు రోజులకు బయటపెట్టారు. వీఏఆర్ చేసిన ఒకే ఒక్క మంచి పని అదేనని మా బావమరిది అభిప్రాయం. వాడు యునైటెడ్ మనిషి.

అసలు విడ్డూరం ఇంకోటి ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లను ఇంగ్లండులో టీవీలో ప్రత్యక్షంగా చూపరు. టీవీలో వస్తే చిన్న క్లబ్బుల మ్యాచ్‌లకు జనం రారని 1960లలో బర్న్‌లీ ఛైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టి సాధించిన కట్టుబాటు. భీమవరంలో చూడొచ్చు, మాంచెస్టర్‌లో కుదరదు. అందుకని యునైటెడ్‌కు దగ్గరగా ఉందామని ఏడు సముద్రాలు దాటిన మా బావమరిది, చలికాలం శనివారం రాత్రి మనకు ఎనిమిదిన్నరయ్యేసరికి గుంటూరుకు వీడియో కాల్ చేస్తాడు. మామగారు అత్తగారి సీరియల్ ఆపించి, ఫోన్‌ను టీవీకేసి పట్టుకుంటారు. ఆయన బొటనవేలు ఎప్పుడూ కెమెరా మీదే ఉంటుంది. "నాన్నా, వేలు!" అని వీడు అక్కడి నుంచి అరుస్తాడు. "ఇప్పుడు కనిపిస్తోందా?" అంటారాయన, ఇంకో వేలు పెట్టి. ఈమధ్య యునైటెడ్ ఆట చూసేవాళ్ళకు అదొక సౌకర్యమే.

పోయిన వారం ఫోన్ చేసి, "వచ్చే సెలవులకు హైదరాబాదు వస్తున్నా బావా, పిల్లలకు మన ఊళ్ళో మన జట్టు ఆట చూపించాలి" అన్నాడు.

"ఏ ఆట?"

"రగ్బీకి హైదరాబాద్ హీరోస్ అని జట్టుందటగా?"

"ఉంది. 2025 జూన్‌లో ఆడింది, ముంబయిలో. లీగు మొత్తం అక్కడే."

"పోనీ ఫుట్‌బాల్? హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు కొట్టింది కదా, 2022లో?"

"కొట్టింది, గోవాలో. పుణే క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో వచ్చింది, జీతాలివ్వలేని స్థితికి చేరింది, ఇప్పుడు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది."

కాసేపు అవతల ఏమీ వినబడలేదు.

"మరి హైదరాబాదులో ఏముంది బావా?"

"మాంచెస్టర్ యునైటెడ్ ఉంది. కోఠీలో, పేవ్‌మెంటు మీద, మూడొందలు. బేరమాడితే రెండొందల యాభైకిస్తాడు."