తాబేలుకు తాపీపని

కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి ఖాళీ దొరికితే ఏదో ఒకటి కట్టకుండా ఉండలేడు. మిద్దె మీద నీళ్ళతొట్టి అయింది, తులసికోట అయింది, మనవరాలి బొమ్మలకు అరుగు కూడా అయింది. నంద్యాలలో మా ఇంట్లో ఇక కట్టడానికి ఏమీ మిగలని రోజుల్లో, ఆళ్ళగడ్డ నుంచి మా బావమరిది టిఫిన్ క్యారియర్ గిన్నెలో ఒక తాబేలు పిల్లను తెచ్చాడు.

అహోబిలం దోవలో వాళ్ళకు చేను ఉంది. తొలకరి పడ్డాక గట్టు మీద కనిపించిందట. అగ్గిపెట్టెలో పట్టేంత ఉంది. నల్లటి పెంకు మీద పసుపు చారలు, ఇంకా పూర్తిగా విచ్చుకోని నక్షత్రాలు. "పాప ఆడుకుంటాది లే బావా" అన్నాడు.

మా అమ్మ మంచం మీద నుంచే చూసింది. "యాడనించి తెచ్చినార్రా దీన్ని? తాబేలు జొచ్చిన ఇల్లూ, అమీనా జొచ్చిన ఇల్లూ బాగుపడవు" అంది. నేను నవ్వేశాను. వాస్తు పేరు చెప్పి జనం ఇత్తడి తాబేళ్ళు కొని నీళ్ళ పళ్ళెంలో పెట్టుకుంటున్నారు, వేళ్ళకు తాబేలు ఉంగరాలు తొడుక్కుంటున్నారు, మనకు ప్రాణమున్నదే నడిచొచ్చింది కదమ్మా అన్నాను. అమీనా అంటే జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి. తాబేలుకూ అతనికీ ఏం సంబంధమో పెద్దవాళ్ళకే తెలియాలి అనుకున్నాను.

ఇక ప్లాను గీశాను. చుట్టూ ఇటుక గోడ, లోపలా బయటా నున్నటి పూత. అడుగున బేతంచెర్ల నాపరాయి, అదీ పాలిష్ పట్టించింది. కడిగితే నీళ్ళు ఒక మూలకు పోయేలా వాలు. కాకులూ పిల్లులూ రాకుండా పైన పాత కిటికీ అద్దం మూత. ఆళ్ళగడ్డలో దేవుళ్ళను చెక్కే శిల్పుల చేత బావమరిది ఒక రాతి తొట్టి చేయించి పంపాడు. చుట్టూ తామర రేకులు, లోపల అద్దంలాంటి నునుపు. అది చెరువు. ఇంటికొచ్చిన వాళ్ళకు ముందు గోడల ఫినిషింగు చూపించి, తరవాత తాబేలును చూపించేవాణ్ణి.

తాబేలు మాత్రం నా పనితనాన్ని మెచ్చుకోలేదు. నాపరాయి మీద దాని కాళ్ళు నాలుగు దిక్కులకూ జారేవి. "జేజినాయనా, ఈత కొడతాంది సూడు" అని మనవరాలు నవ్వితే నేనూ నవ్వాను. ఎదిగే పిల్లకు కాళ్ళు నిలదొక్కుకోవడానికి మట్టి కావాలని, ఎండ ముదిరితే దూరడానికి పొద నీడ కావాలని కాలువ గట్ల మీద బతుకంతా గడిపిన నాకు తట్టలేదు.

చెరువు సంగతి ఇంకా ఘోరం. పక్కింటి పిల్లవాడి అక్వేరియంలో చెవి దగ్గర ఎర్ర మచ్చ ఉన్న తాబేలు ఒకటి ఉండేది. అది అమెరికా నీటి తాబేలు. దాన్ని చూసి తాబేలన్నాక నీళ్ళే కదా అనుకున్నాను. కాళ్ళు చూసినా తెలిసేది. నీటి తాబేలుకు వేళ్ళ మధ్య పల్చటి తోలు ఉంటుంది. మా పిల్లవి ఏనుగు కాళ్ళు. ఒక పొద్దున ఆ తామర రేకుల తొట్టిలో మునిగి, నున్నటి అంచు పట్టు దొరక్క గింజుకుంటోంది. మా ఆవిడ చూసి తీయబట్టి బతికింది. గడ్డం వరకు వచ్చే నీళ్ళతో, నడిచి ఎక్కి దిగగలిగే మూకుడు పళ్ళెం ఒకటి చాలు దానికి.

అద్దం మూత నా తెలివికి శిఖరం. 45 డిగ్రీల ఎండ చూసిన ఊరు మాది. అద్దం కింద వేడి చిక్కుకుంటే లోపలి ప్రాణి ఉడికిపోతుంది. పోనీ ఎండైనా పనికొస్తుందా అంటే అదీ లేదు. పెంకు గట్టిపడాలంటే సున్నం ఒంటపట్టాలి, సున్నం ఒంటపట్టాలంటే డి విటమిన్ కావాలి, దాన్ని ఒళ్ళు తయారు చేసుకోవాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలాలి. వాటిలో దీనికి పనికొచ్చేవే అద్దం దాటి రావు. పిల్లలకు మంచి తిండి అని నేను పెట్టిందేమో టమాట, పెరుగన్నం. దాని కడుపు గడ్డికీ, కలుపు మొక్కలకూ, నాగజెముడుకూ పుట్టిన కడుపు. పచారీ కొట్లో దొరికే సముద్రఫేనం ముక్క ఒకటి పడేసినా సున్నం కొంత అందేది. ఇవన్నీ పెంకు అంచు మెత్తబడ్డాక తెలిశాయి.

పశువైద్యుడు పెంకు నొక్కి చూసి, మందు రాయడానికి ముందు ఒక ప్రశ్న వేశాడు: "ఇది ఎక్కడిది సార్?" చెప్పాను. ఆయన కలం మూసి చట్టం చెప్పాడు. ఇది నక్షత్ర తాబేలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇది పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా పెంచినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల ఒప్పందమైన సైటిస్ 2019లో జెనీవాలో జరిపిన సదస్సు దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించింది. అమ్మ చెప్పిన అమీనా ఎవరో అప్పుడు అర్థమైంది.

శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి కదండీ అని వాదించబోయాను. మూర్ఖుడికి దేవుడు ఎప్పుడూ సాక్షే. కూర్మనాథుడి ఆవరణ వేరు, మా మిద్దె వేరు అని ఆయన నవ్వాడు. మా బావమరిది లాంటి ముద్దుకొద్దీ తెచ్చేవాళ్ళతో పాటు బస్తాలకొద్దీ ఏరేవాళ్ళూ ఉన్నారని అప్పుడే చెప్పాడు. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు దొంగ వ్యాపారానికి పోయాయి. మద్రాసు, బెంగళూరు విమానాశ్రయాల్లో సూట్‌కేసుల్లో పట్టుబడేవి ఇవే. రాయలసీమ మెట్టచేలూ, ముళ్ళకంపలూ, రాళ్ళగుట్టలే వాటి సొంత ఊళ్ళు.

పిల్లను అటవీశాఖ వాళ్ళకు అప్పగించాను. వాంగ్మూలం రాసుకుని, బాగా మందలించి పంపారు. అమ్మ మాత్రం మందలించలేదు, ఒకసారి చూసి ఊరుకుంది. నాకైతే అదే ఎక్కువ. గోడలు పడగొట్టి మట్టి నింపి మెంతికూర వేశాం.

తొలకరి మళ్ళీ వస్తుంది, చేలగట్ల మీద అవి మళ్ళీ కనిపిస్తాయి. చూసి మీ దోవన మీరు పోండి. రోడ్డు నడుమ ఉంటే అది ఎటు పోతోందో అటే దాటించండి, ఇంటి వైపు కాదు. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే గుట్టుచప్పుడు కాకుండా అడవిలో వదలొద్దు. మనింట్లో అంటిన జబ్బు అక్కడి వాటికీ సోకుతుంది. నాలాగే తల వంచుకుని అటవీశాఖ ఆఫీసుకు తీసుకెళ్ళి ఇవ్వండి.