మసకే మహాభాగ్యం

నటుడి ఎడమ కన్ను మాత్రం స్పష్టంగా కనిపించి, దాని పక్కనున్న చెవి మాయమై, వెనకనున్న చార్మినార్ కాస్తా పసుపుపచ్చని చుక్కల గుంపుగా కరిగిపోతే ఆ దృశ్యం ‘సినిమాటిక్’ అయినట్టేనని వర్ధమాన దర్శకులకు ఇప్పుడు ఘనంగా బోధిస్తున్నారు. వారాంతపు శిక్షణ శిబిరంలో మొదటి పూట ఉపదేశించేదీ, చివరి పూట సర్టిఫికెట్‌తో పాటు చేతిలో పెట్టేదీ ఈ మహామంత్రమే కనుక, కథ ఏదని గానీ, మాట వినపడుతోందా అని గానీ అడిగినవాడు ఆ గదిలో అజ్ఞాని కింద లెక్క.

లెన్సు ద్వారాన్ని ఎంత పెద్దగా తెరిస్తే దృశ్యంలో స్పష్టంగా కనిపించే లోతు, అనగా డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంతగా తగ్గిపోతుంది. ఎఫ్ 1.4 దగ్గర తెరిచి ముఖాన్ని దగ్గరగా తీస్తే కన్ను నిలిచి చెవి చెదిరిపోవడం కాంతిశాస్త్ర ధర్మమే తప్ప దర్శకుడి ప్రతిభ కాదు. పైగా ప్రతి షాటులోనూ నేపథ్యాన్ని చెరిపేసే పక్షంలో అరకులో తీసినా అమీర్‌పేటలో తీసినా తేడా ఉండదు గనుక, ఆ అరకు ఖర్చు ఎందుకని నిర్మాత, అంటే సాధారణంగా దర్శకుడి బావగారు, ఇంతవరకు నిలదీయకపోవడం ఆయన మంచితనం.

1941లో ‘సిటిజన్ కేన్’కు ఛాయాగ్రాహకుడైన గ్రెగ్ టోలండ్ సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పనికి నడుం కట్టాడు. ఇంటి లోపల తల్లి సంతకం చేసి కొడుకును పరాయివారికి అప్పగిస్తుంటే, ఆ సంగతేమీ తెలియని పిల్లవాడు కిటికీ అవతల మంచులో ఆడుకుంటూ కనిపిస్తాడు. ఇద్దరూ ఒకే షాటులో స్పష్టంగా ఉండటం వల్లనే చూసేవారి గుండె కలుక్కుమంటుంది. నేటి గురువులకు చిక్కి ఉంటే ఆ పిల్లవాణ్ణి తెల్లని మచ్చగా మార్చి, టోలండ్‌కు ‘లుక్’ తెలియదని తేల్చి పంపేవారు.

మిగిలిన మంత్రాలూ ఇలాంటివే. సెకనుకు 24 ఫ్రేములన్నది దైవదత్తమైన సంఖ్యేమీ కాదు. 1920ల చివర సినిమాకు మాటలు వచ్చాక, శబ్దం నిలకడగా పలకాలంటే ఫిల్ము ఒకే వేగంతో నడవాలి కనుక పరిశ్రమ కుదుర్చుకున్న ఏర్పాటు. పైనా కిందా నల్లపట్టీలు అతికిస్తే హీరో నుదురు ఎగిరిపోతుందే గాని సినిమాస్కోప్ రాదు. లట్ అనే రంగుల లెక్కల పట్టికను కొని తగిలిస్తే, పెళ్ళిపందిరీ శ్మశానమూ ఒకే నీలినారింజ రంగులో మెరుస్తాయి.

ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. అప్పు చేసి కెమెరా కొన్న కుర్రవాడికి, షట్టర్‌ను 1/60 దగ్గర పెడితే ట్యూబ్‌లైటు కింద గీతలు ఎందుకు పారతాయో ఒక్కరూ చెప్పలేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కనుక ఆ దీపం 100 సార్లు మినుకుమంటుందనీ, షట్టర్ 1/50 లేదా 1/100 ఉంటే ఆ బెడద తప్పుతుందనీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మైకును కెమెరా నెత్తిన కాక నటుడి నోటికి మూరెడు దూరంలో ఉంచమనీ, ఫ్యాను ఆపమనీ, ఎడిటింగులో మాటల మధ్య ఖాళీలను పూడ్చడానికి ఆ గది నిశ్శబ్దాన్ని, అంటే రూమ్ టోన్‌ను, అర నిమిషం రికార్డు చేసుకోమనీ చెప్పలేదు. వీటిని అమ్మి సొమ్ము చేసుకోవడం కుదరదు కనుకనే ఇవి పాఠంలో లేవు. దీనికి శిక్షణ అని పేరు పెట్టడం సిగ్గుచేటు. ఇది పచ్చి దోపిడీ.

వెలుగు సంగతికొస్తే, 1956 నాటి ‘అపరాజితో’లో కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో వేసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన గుడ్డ పరిచి, దీపాల వెలుగును దానికి కొట్టి కిందికి మళ్ళించి పగటి కాంతిని సృష్టించాడు. ఆ మరుసటి ఏడే వచ్చిన ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే తెరపై వెన్నెల కాయించాడు. ఇద్దరూ వెలుగును గమనించడం నేర్చినవారు.

సినిమా నేర్వదలచినవారు లెన్సుకు దాచిన సొమ్ములో కొంత ముందు మంచి మైకుకు వెచ్చించి, ఒక తెల్ల దుప్పటి దగ్గర పెట్టుకుని, శిబిరం రుసుమును మిగుల్చుకోవడం మేలు. నేపథ్యం మసకబారలేదని లేచిపోయిన ప్రేక్షకుడు ఎక్కడా లేడు, మాట వినపడక లేచిపోయినవారు మాత్రం కోకొల్లలు.