పూతరేకుల ప్రతిపాదన (లాభసంజీవనీ వ్యాఖ్యా సహితము)

అవతారిక

మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది పలకనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. అంత నిగ్రహం ఈ వ్యాఖ్యాతకు లేదు. పైగా ఇక్కడ మూలం కావ్యం కాదు, ఒకటిన్నర పేజీ వ్యాపార లేఖ. ఆత్రేయపురంలో పూతరేకులు చేయించే ఒకాయన, హైదరాబాదులో నాలుగు శాఖలున్న ఒక మిఠాయి దుకాణానికి, మేం చేస్తాం మీరు అమ్మండి అని రాసినది. కర్త కల్పితుడే గాని కష్టాలు కావు.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయము: పూతరేకులు. ప్రయోజనము: డబ్బు. (సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ‘పరస్పర అభ్యున్నతి’ అని రాసేవాళ్ళ ప్రయోజనమూ అదే.) సంబంధము: చేసేవాడికీ అమ్మేవాడికీ ఉండేది. నాలుగోది అధికారి, అంటే గ్రంథం చదవడానికి అర్హుడు. లేఖలు ఎక్కువగా కొండెక్కేది ఇక్కడే. కవరు మీద పెద్దాయన పేరుంటుంది. విప్పేది కొనుగోళ్ళ మేనేజరు. సరేననాల్సింది పెద్దాయన కోడలు. రాసినవాడు ఈ ముగ్గురిలో ఎవరి పక్కనా కూర్చుని వివరించలేడు. మేనేజరు లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తనకు తోచిన చోట ఆగుతూ పైకి చదివినా చెడనిదే లేఖ. మన కర్తకు ఈ సంగతి తెలుసు. అందుకే ఆయన వాక్యాలు పొట్టివి.

మూలము: “అయ్యా, నమస్కారం. మీ కాజు బర్ఫీ లేకుండా మా ఇంట్లో పెళ్ళి కాలేదు.”

టీక: అయ్యా = నాలుగు శాఖలు గల ఓ మహానుభావా; మీ కాజు బర్ఫీ = మీచేత చేయబడి, వెండిరేకు కప్పుకొనినట్టి జీడిపప్పు మిఠాయి; లేకుండా = తక్కువైనచో; మా ఇంట్లో = కోనసీమ యందలి మా గృహమున; పెళ్ళి కాలేదు = వియ్యాలవారు ఊరుకొనలేదు.

విశేషము: మంగళాచరణం ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశం అని మూడు విధాలు. రెండోది పైకే కనబడుతోంది, మూడోది బర్ఫీలో దాగి ఉంది. చూడాల్సింది కర్త దేన్ని పొగిడాడన్నది. ఆయన కాజు బర్ఫీ చేయడు, చేయబోడు. తన సరుకుతో పోటీ లేనిదాన్నే, అదీ ఒక్కదాన్నే పొగిడాడు. ‘దక్షిణ భారతంలోనే అగ్రగామి అయిన తమ సంస్థ’ అని ఎత్తుకునే లేఖలున్నాయి. ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా సిమెంటు కంపెనీకీ పంపవచ్చు. చదివేవాడు దాన్ని సిమెంటు కంపెనీ లాగే చదువుతాడు.

మూలము: “మొన్న దీపావళికి మీ కౌంటర్లో పూతరేకులు మూడు రోజుల ముందే నిండుకున్నాయి. అడిగినవాళ్ళకు సోన్‌పాపిడీ చూపించారు.”

తాత్పర్యము: మీకు లోటు ఉన్నది. అది మేము చూచితిమి.

విశేషము: వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలంటారు. లేఖకు ఫలం కుదరడానికీ అవే కావాలి. ఇక్కడ కనబడేది ఆకాంక్ష, అంటే ఎదుటివాడి దగ్గర లేనిదేదో. ఇది కర్తకెలా తెలిసింది? ఆయన బావమరిది కూకట్‌పల్లిలో కాపురముంటూ ఆ లైనులో నిలబడ్డాడని ఒక సంప్రదాయం. కర్తే వచ్చి నిలబడ్డాడని ఇంకొక సంప్రదాయం. ఎవరైతేనేం, నిలబడి చూసినవాడు రాసిన వాక్యమిది. సోన్‌పాపిడీ మాట ఊహించి రాసేది కాదు.

పూర్వపక్షులు ఈ చోటులోనే తమ వంశచరిత్ర ఎత్తుకుంటారు. తాతగారు పొయ్యి వెలిగించిన సంవత్సరం, నాయనగారికి జరిగిన సన్మానం, గోడ మీది ఫోటోల వివరం. కోడలికి కావలసింది దీపావళి నాడు చేజారిన ఆ మూడు రోజుల బేరం. వంశచరిత్ర అత్తవారిదే ఆమెకు చాలినంత ఉంది.

మూలము: “రోజుకు రెండు వేల రేకులు తీస్తాం. అంతకు మించి ఒప్పుకోం. మాది ఆత్రేయపురం సరుకే, కాగితం జత చేశాం.”

టీక: రేకు = నానిన బియ్యము మెత్తగా రుబ్బి పలుచన చేసి, ఆ పిండిలో ముంచిన గుడ్డను, కింద మంట గల బోర్లించిన కుండ వీపున ఒక్కసారి లాగగా క్షణములో ఊడివచ్చునట్టి పొర; తీస్తాం = మా ఊరి ఆడవారు తీయుదురు, మేము లెక్కపెట్టుదుము; ఒప్పుకోం = ఆశపడము.

విశేషము: రెండు వేల రేకులంటే రెండు వేల పూతరేకులు కావు. నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి చుట్టే ఒక్కో చుట్టకు రెండు మూడు రేకులు పడతాయి. లెక్క రేకుల్లోనా, చుట్టల్లోనా, డబ్బాల్లోనా అన్నది తేల్చని ఒప్పందం మొదటి బిల్లుకే తగువులో పడుతుంది. కర్త వెంటనే కుండలీకరణాల్లో ‘సుమారు ఎనిమిది వందల చుట్టలు’ అని విడమరిచాడు. ఇలాంటి కుండలీకరణాలకు నమస్కారం.

‘అంతకు మించి ఒప్పుకోం’ అన్న దగ్గర కొందరు ముక్కున వేలేసుకుంటారు. బేరానికి వచ్చినవాడు ఎవరూ అడగకుండానే తన చేతకానితనం చెప్పుకుంటాడా? చెప్పుకోవాలి. కొనేవాడి భయం సరుకు బాగోదేమోనని కాదు. శాంపిల్ బాగుంది, శాంపిల్ ఎప్పుడూ బాగుంటుంది. అతని భయం శ్రావణమాసంలో పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళుండగా ఇతగాడు ఫోనెత్తడేమోనని. ‘ఎంతైనా ఇస్తాం, ఎప్పుడైనా ఇస్తాం’ అన్నవాళ్ళ ఫోన్లే ఆ నెలలో మోగి మోగి ఆగిపోతాయని అతనికి అనుభవం. హద్దు గీసి చూపినవాడు ఆ హద్దు లోపల దొరుకుతాడు. అతిశయోక్తి కావ్యంలో అలంకారం, కొటేషన్లో దోషం.

ఇక ఊరి పేరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి చట్టం కింద వచ్చే ఈ గుర్తింపు ఏ ఒక్కడి సొత్తూ కాదు, ఆ ప్రాంతపు తయారీదారులందరిదీ. అయితే అధీకృత వినియోగదారుగా నమోదైనవాడికే ఆ పేరు వాడుకునే హక్కు. హైదరాబాదులోనే రేకులు తీయించి డబ్బా మీద ఆత్రేయపురం అని అచ్చు వేయించుకునే దారి దుకాణానికి లేదు. ఇంత బలమైన సంగతిని కర్త అరవాక్యంలో చెప్పి కాగితం జత చేశాడు. పేరా అంతా రాసి ఉంటే బెదిరింపయ్యేది.

మూలము: “దారిలో విరిగినవి మావి. మీ అరల్లో విరిగినవి మీవి. తేదీ దాటినవి చెరిసగం.”

టీక: అక్కర లేదు.

విశేషము: లాభాల పంపకం ప్రతి లేఖలోనూ ఉంటుంది, రంగు పెన్సిళ్ళతో గీసిన బొమ్మలతో సహా. నష్టం ఎవరిదో రాసినవాడు అరుదు. ఈ లేఖలో ఒప్పించే గుణమంతా ఈ మూడు వాక్యాల్లో ఉందని నా మతం. తక్కినదంతా దీనికి ప్రాకారం. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. ఇక్కడ వాచ్యార్థం విరిగిన రేకుల పంపకం. ధ్వని ఏమంటే, మేం ఇలాంటి బేరాలు చేసినవాళ్ళం, మాటామాటా ఎక్కడ వస్తుందో మాకు తెలుసు, ఆ మాట మేమే ముందు అనేస్తున్నాం.

పూతరేకు స్వభావం ఎరగనివారికి ఒక మాట. అది గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది, తేమ గాలి తగిలితే మెత్తబడుతుంది. రావులపాలెంలో రాత్రి బస్సెక్కిన డబ్బా తెల్లారి హైదరాబాదులో దిగేలోపు ఎన్ని చేతులు మారుతుందో, దాని మీద ఎవరి సూట్‌కేసు పడుకుంటుందో దేవుడికెరుక. విరగ్గొట్టినవాడు ఎన్నడూ దొరకడు. అందుకని కర్త కింద చిన్నక్షరాల్లో ఒక నియమం పెట్టాడు: డబ్బా ముట్టిన రోజే విప్పి ఫోటో పంపాలి. ఫోటో వస్తే దారిలో విరిగినట్టు, రాకపోతే అరలో విరిగినట్టు. న్యాయశాస్త్రంలో ప్రమాణాలు నాలుగు. ఇది ఐదోది, ఫోటో ప్రమాణం.

‘తేదీ దాటినవి’ అనడానికీ ఆధారముంది. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ రాసిపెట్టాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నియమం తెచ్చింది. అంతకుముందు పాతబడిందా లేదా అన్నది కౌంటరు కుర్రాడి ముక్కు తేల్చేది. ముక్కుతో ఎవరూ బాకీ తెగ్గొట్టుకోలేరు, తేదీతో తెగ్గొట్టుకోవచ్చు.

‘చెరిసగం’ మీద ఒక ఆక్షేపణ ఉంది. మొత్తం మేమే వెనక్కి తీసుకుంటాం అంటే ఇంకా ఒప్పించేది కదా అని. ఒప్పించేది, ఆ తర్వాత ముంచేది. వెనక్కిచ్చే వీలు పూర్తిగా ఉంటే దుకాణం మూఢంలో కూడా అరలు నింపుకుంటుంది, పెళ్ళిళ్ళు లేని ఆ రోజుల మిగులంతా ఆత్రేయపురం తిరిగొస్తుంది. అసలు వీలు లేకపోతే భయపడి తక్కువ ఆర్డరు పెడుతుంది, దీపావళికి మళ్ళీ సోన్‌పాపిడీయే. సగం భారం నెత్తిన ఉంటే ఇద్దరూ లెక్క వేసుకుంటారు. పైగా మరీ ధారాళంగా ఇచ్చేవాణ్ణి చూస్తే, ఆ ధర్మమంతా రేటులో కలిపేశాడేమోనని దుకాణం ఆడిటరుకు అనుమానం పుడుతుంది.

మూలము: “మేం సరుకిచ్చేవాళ్ళం, మీరు అమ్మేవాళ్ళు. ఈ కాగితం వల్ల మనం భాగస్వామ్య సంస్థ కాము.”

పాఠాంతరము: వారం ముందు తిరిగిన వాట్సాప్ ప్రతిలో ఇదే చోట “ఇకమీదట మనం పార్ట్‌నర్లం, లాభం సగం సగం” అని ఉంది, చేతులు కలిపిన బొమ్మ కూడా ఉంది. పరిష్కర్త, అంటే కర్త గారి మేనల్లుడు, దాన్ని ప్రక్షిప్తమని తీసేశాడు. చాలా మంచి పని.

విశేషము: 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, అందరూ గానీ అందరి తరఫున కొందరు గానీ నడిపే వ్యాపారంలో లాభం పంచుకుందామని ఒప్పుకున్నవాళ్ళ మధ్య ఉండేది భాగస్వామ్యం. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నోటిమాటతోనైనా పుడుతుంది. పుట్టాక సంస్థ బాకీకి ప్రతి భాగస్వామీ కలిసీ విడిగానూ బాధ్యుడు. నాలుగో శాఖకు వేసిన గ్రానైటు తాలూకు బాకీ కోసం ఆత్రేయపురం పొయ్యి దగ్గరికి మనిషి రావచ్చునన్నమాట. లాభంలో వాటా ఉన్నంత మాత్రాన భాగస్వామి అయిపోడని అదే చట్టం ఆరో సెక్షను ఊరడిస్తుంది. కానీ అది తేలేది కోర్టులో. మిత్రలాభం రాసిన చిన్నయసూరి దాని వెంటనే మిత్రభేదమూ రాశాడు, వ్యాపారస్తుల కోసమే అన్నట్టు.

మూలము: “హైదరాబాదులో మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వం. నెలకు పదివేల చుట్టలు ఎత్తినన్నాళ్ళే ఈ మాట.”

విశేషము: ఇది షరతు గల ఏకపత్నీవ్రతం. ఒకరి వ్యాపారాన్ని కట్టిపడేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను. అయితే ఒప్పందం నడుస్తున్నంతకాలం వేరేవారితో చేయను అనే కట్టుబాటు సాధారణంగా దాని కిందికి రాదని గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. దుకాణం తరఫున ఎవరైనా తెలివిగా, విడిపోయాక కూడా రెండేళ్ళు ఎవరికీ ఇవ్వకూడదు అని చేరిస్తే, అది నిలబడదు. మరి దుకాణం ఇంకొకరి పూతరేకులు తెచ్చి పక్కనే పెట్టుకోవచ్చా? మూలం మౌనం. అది లౌక్యమని కొందరు. లోపమని నేను.

మూలము: “మొదట రెండు నెలలు, ఒక్క శాఖలో చూద్దాం.”

తాత్పర్యము: వద్దనుటకు మీకు కారణము మిగల్చలేదు.

మూలము: “బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో డబ్బు. ఇట్లు, ప్రొప్రయిటర్.”

విశేషము: కర్త ఇక్కడ ఏ చట్టం పేరూ ఎత్తలేదు. రబ్బరు స్టాంపు కింద, చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చెప్పే ఉద్యం నంబరు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు వేసి ఊరుకున్నాడు. ముద్రాలంకారమంటే ఇదే. మేనేజరు ఆ నంబర్లు చూడడు, ఆడిటరు చూస్తాడు. చూసి, సూక్ష్మ, చిన్న తయారీదారుకు చెల్లింపు గడువు రాతపూర్వకంగా ఒప్పుకున్నా సరే 45 రోజులు దాటకూడదన్న 2006 నాటి చట్టం గుర్తు తెచ్చుకుంటాడు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. 2023 ఆర్థిక చట్టం తెచ్చిన మార్పుతో, గడువు దాటిన ఆ బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవాలి. లేఖలో లేని పేరా ఒకటి ఆడిటరు నోట పలికింది.

ఫలశ్రుతి

జవాబు వచ్చింది: “మీ షరతులన్నీ మాకు సమ్మతం. డబ్బు మాత్రం 60 రోజులకు.” ఆత్రేయపురంలో మిఠాయి పంచారట. తొందరపడ్డారు. సమ్మతి బేషరతుగా ఉంటేనే సమ్మతి అని కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షను. ఒక్క అంకె మార్చినా అది కొత్త ప్రతిపాదన. అంటే ఇప్పుడు కర్త దుకాణం వారు, చదివి తేల్చాల్సిన అధికారి పొయ్యి దగ్గరున్న మన పెద్దమనిషి. ఆ అరవై కోడలు వేసిన అంకె కాదు, ఆడిటరు సెలవు పెట్టిన రోజున మేనేజరు వేసినదని వ్యాఖ్యాతల ఊహ.

మన పెద్దమనిషి తిరుగు టపాలో ఒక్క ముక్క రాశాడు: “45. మొదటి సరుకు గురువారం బస్సుకు.” చట్టం ఇచ్చిన పైహద్దును తనే ముందు పలికేశాడు. 35 అని ఉండాల్సింది, 40కి తెగేది.