పోటు దారిలో నా కాపలా

నేను కాంక్రీటు స్తంభాన్ని. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో నగరం శివార్లలో, ఆల్మండ్ నది ఫోర్త్ అఖాతంలో కలిసేచోట క్రామండ్ అనే ఊరుంది. అక్కడి ఒడ్డు నుంచి ఎదుటి క్రామండ్ దీవి దాకా బారులు తీరి నిలబడ్డ స్తంభాల్లో నేనొకదాన్ని. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మమ్మల్ని పాతారు. పోటు నీటి మీద శత్రువుల పడవలు మా వరుస దాటి పోకుండా చూడటం మా పని.

దీవి చిన్నదే. ఒడ్డుకు మైలు దూరం, దాదాపు 19 ఎకరాల గడ్డినేల, 28 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు గొర్రెలు మేసేవి. ఇప్పుడక్కడ కాపురాలు లేవు, యుద్ధం నాటి కట్టడాల మొండిగోడలు మిగిలాయి.

దీవి అంటే నీళ్ల మధ్య నేల అని చదువుకుంటారు. మా దీవికి ఆ మాట సగం రోజే వర్తిస్తుంది. పాటు వచ్చి నీరు వెనక్కి లాగితే నా చుట్టూ బురదనేల తేలుతుంది, పక్కనున్న కాలిబాట బయటపడుతుంది, జనం నడిచి దీవికి పోతారు. పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఏ రోజు వేళ మర్నాడు పనికిరాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు దాదాపు 5 మీటర్లు ఎక్కి దిగుతుంది. అష్టములు దాటాక ఆ ఉరవడి తగ్గుతుంది.

నీరు ఎంతవరకు వస్తుందో నా ఒంటి మీదే కనిపిస్తుంది. పైభాగం బూడిదరంగు, కిందిభాగం నల్లటి నాచు. ఆ నాచు సందుల్లో సున్నపు గుల్లలు కట్టుకున్న బుల్లి జీవులు నన్ను కరుచుకుని ఉంటాయి. నీరు తగ్గగానే తలుపులు బిగించుకుంటాయి. నీరు తగలగానే తెరిచి, ఈకల్లాంటి కాళ్లతో నీళ్లలోని మేతను లోపలికి తోసుకుంటాయి. పోటు కోసం ఇంత ఆత్రంగా ఎదురుచూసేవాళ్లు ఈ దారిలో ఇంకెవరూ లేరు.

ఈ బురద దాచుకున్నవీ తక్కువేం కాదు. 1997లో ఆల్మండ్ నది బురదలోంచి రోమన్ల కాలపు రాతి ఆడసింహం బయటపడింది. మనిషిని నోట కరిచిన ఆ శిల్పం ఇప్పుడు ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.

నా భయమంతా నడిచొచ్చేవాళ్ల గురించే. పోటు అలలెత్తుకుంటూ వస్తుందనుకుంటారు. కాదు, చడీచప్పుడు లేకుండా పల్లాల్లో నిండుతూ వస్తుంది. దీవి దగ్గర బాట పొడిగా కనిపిస్తూండగానే నడుమ పల్లం మునిగిపోతుంది. పాటు బాగా దిగిన సమయానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు, అంతవరకే ఈ దారి నమ్మదగింది. ఒడ్డున బోర్డు మీద ఆ వేళలు రాసి ఉంటాయి. చదవకుండా వెళ్లి దీవిలో చిక్కుకుంటే ధైర్యం చేసి నీళ్లలో దిగొద్దు. మెరక మీదే ఉండి 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగండి. క్వీన్స్‌ఫెర్రీ నుంచి లైఫ్‌బోట్ వస్తుంది.