అరవడం మానేసిన యంత్రాలు

మా రోజుల్లో సమీకరణం పేజీలో పట్టకపోతే ఎవరో ఒకరు కేకేసేవారు. ఇప్పుడు కంప్యూటరులో లెక్కలు చేసే జూపిటర్ నోట్‌బుక్‌లో హారం సగానికి తెగినా, వర్గమూలం నెత్తిన గీత ఎగిరిపోయినా కిక్కురుమనే నాథుడు లేడు.

థీసిస్ టైపు చేయించుకున్న కాలం మాది. ఘాతాంకం వస్తే టైపిస్టు రోలర్‌ని అర వరుస తిప్పి కొట్టేవాడు. సమాకలని గుర్తుకి చోటు వదిలితే, తర్వాత నల్ల ఇంకుతో మేమే గీసుకునేవాళ్లం. చోటు చాలదనుకుంటే కాగితం ఎక్కించకముందే "ఇంత పొడుగు లెక్క ఎక్కడ పెట్టమంటారు సార్?" అని దబాయించేవాడు. ప్రెస్సులో కంపోజిటరు మరీను. భిన్నం కనబడితే చాలు, మొహం మాడ్చుకునేవాడు. సీసపు అక్షరం పట్టిందా పట్టింది, లేకపోతే లేదు. సగం కోసి ఇరికించడం కుదిరే పని కాదు.

కంప్యూటరు వచ్చాక కూడా కొన్నాళ్లు ఆ మర్యాద నిలిచింది. 1977లో డొనాల్డ్ కనూత్ తన పుస్తకం రెండో సంపుటం ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, తనే టెక్ అనే అచ్చు ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నాడు. అందులో ప్రతి అక్షరం ఒక పెట్టె. దానికి వెడల్పు, అక్షరాలు నిలిచే గీతకి పైన ఎత్తు, కింద లోతు ఉంటాయి. వరుస అంచు దాటితే 'ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్' అని గోల పెట్టి, ఎన్ని పాయింట్లు మీరిందో చెప్పేది. ప్లెయిన్ టెక్ అయితే అంచున నల్ల దిమ్మ కూడా గుద్దేది. చూడనట్టు నటించడానికి వీల్లేదు.

ఇప్పటి పద్ధతి వేరు. ముందు పెట్టె కట్టేస్తారు, తర్వాత లోపలికి ఏమొస్తుందో చూస్తారు. చొక్కా కుట్టేసి, చేతులు పట్టలేదని చేతులు నరికినట్టు.

సూత్రం తెగి కనిపిస్తే కుర్రాళ్లు వెంటనే లెక్కని అనుమానిస్తారు, కోడ్ మార్చి మార్చి రాస్తారు. అయ్యా, ముందు సూత్రం వెనకున్న టెక్ మూలం చూడండి. అది పూర్తిగా ఉంటే తప్పు లెక్కది కాదు, చుట్టూ ఉన్న పెట్టెది. వరుస ఎత్తు బిగించారా, మీరినదాన్ని దాచెయ్యమని స్టైల్‌లో ఎవరైనా రాశారా చూడండి. బ్రౌజరు జూమ్ కాస్త మార్చగానే పోయిన గీత తిరిగొస్తే, అది పిక్సెళ్ల సర్దుబాటులో మాయమైందన్నమాట.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫు బొమ్మలది ఇంకో మోసం. అడ్డక్షం కింద భిన్నం రాస్తే నోట్‌బుక్‌లో నిండుగా కనిపిస్తుంది. ఎందుకంటే తెర మీద చూపేటప్పుడు అది తనంతట తానే అంచులు సర్దుతుంది. అదే బొమ్మని సేవ్‌ఫిగ్‌తో సేవ్ చేస్తే ఆ సర్దుబాటు ఉండదు. ఫైల్‌లో హారం గల్లంతు. బీబాక్స్ ఇంచెస్‌కి 'టైట్' అని ఇవ్వండి, లేదా బొమ్మ మొదలెట్టేటప్పుడే లేఅవుట్ 'కాన్‌స్ట్రెయిన్డ్' అనండి. ఒక్క ముక్కతో పోతుంది. కానీ తెగిందని తెలిస్తే కదా! తెర చూసి మురిసిపోయి, ఫైల్ తెరవకుండానే గైడుకి పంపేస్తున్నారు.

గణితానికే ఈ గతి అనుకోకండి. వరుస ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా పెట్టిన పేజీల్లో మన 'రాష్ట్రం'లో ఒత్తులు కూడా ఇలాగే కాళ్లు పోగొట్టుకుంటాయి.

వేగం పెరిగింది, కాదనను. మేం గంటలు పట్టి గీసిన మాత్రికని వీళ్లు రెప్పపాటులో వేస్తున్నారు. ఆ వేగంలోంచి ఓ క్షణం తీసి, పట్టలేదని ఎర్రక్షరాల్లో ఒక మాట చెప్పొచ్చుగా? సణగడం ముసలివాళ్ల జబ్బంటారు. యంత్రాలకి ఆ జబ్బు కాస్త అంటించండి, పుణ్యముంటుంది.